కొట్టేవాడి వైపు నుంచి

తమ్ముడు కత్తిని తొట్టిలోకి విసిరిన చప్పుడు పేగులు కడిగే గదిలో ఉన్న అక్కకు వినపడింది. వినపడి నవ్వుకుంది కూడా. మళ్ళీ ఎవడితోనో పెట్టుకున్నాడన్నమాట.

ఆ కబేళాలో అదొక కట్టుబాటు. పెద్ద షెడ్డు మధ్యలో కత్తులు కడుక్కోవడానికి వేడినీళ్ళ తొట్టి ఉంది. ఎవడికి ఎవడి మీద కోపమొచ్చినా ముందు కత్తి తీసుకెళ్ళి ఆ తొట్టిలో పడెయ్యాలి. ఆ తర్వాత తిట్టుకుంటారో, జుట్టూ జుట్టూ పట్టుకుంటారో వాళ్ళిష్టం. రోజుకు ఎనిమిది వందల గొర్రెల్ని కోసే చోట ప్రతివాడి చేతిలోనూ జానెడు కత్తి ఉంటుంది. మాటా మాటా పెరిగితే గొర్రెకూ మనిషికీ తేడా ఎంతసేపు గుర్తుంటుంది? ఈ కట్టుబాటు రాకముందు అయిదేళ్ళలో ఇద్దరు పోయారు, ఒకడికి మూడు వేళ్ళు పోయాయి. వచ్చాక నాలుగేళ్ళుగా ఎవడి ముక్కన్నా పగిలిందేమో గానీ ఎవడూ చావలేదు.

రెండో కత్తి పడిన చప్పుడు కూడా వినపడింది. ఇంకేం, ఇద్దరూ బుద్ధిమంతులే. ఆమె మళ్ళీ పేగుల మీదికి నీళ్ళ గొట్టం తిప్పింది. కేకలు, నవ్వులు, చెంపదెబ్బ లాంటి చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. గొర్రెలు అరుస్తున్నాయి, పైన కమ్మీ మీద చక్రాలు తిరుగుతున్నాయి, మనుషులు మాత్రం మాట్లాడటం మానేశారు.

అది ఆమెకు నచ్చలేదు. గొట్టం చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

తమ్ముడు తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. మెడ మీద చెయ్యి పెట్టుకుని, ఏదో మర్చిపోయి గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా మొహం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం చిమ్ముతోంది. ఎదురుగా కొక్కెం. కళేబరాల్ని కమ్మీకి తగిలించే పని వాడిది కాబట్టి అందరూ వాడిని ఆ పేరుతోనే పిలుస్తారు. రక్తానికి చెయ్యి జారకుండా ఇనుప కొక్కేన్ని తోలు పట్టీతో మణికట్టుకు కట్టుకుంటారు ఆ పనివాళ్ళు. పొద్దున కడితే సాయంత్రమే విప్పేది. భోజనం చేసేటప్పుడు కూడా పక్కకు తిప్పుకుని తింటారు. పదేళ్ళుగా వాడి చేతికి అది ఆరో వేలు. వాడిప్పుడు ఆ చేతిని చూసుకుంటున్నాడు. కొక్కెం కొస ఎర్రగా ఉంది.

"అక్కా," అన్నాడు తమ్ముడు. ఆ మాట గొంతులోంచి కాదు, వేళ్ళ కిందనుంచి వచ్చింది.

ఆమె పరుగెత్తింది. రెండు చేతులతో ఆ చీలికను అదిమి పట్టింది. పదిహేనేళ్ళుగా ఇదే షెడ్డులో గొంతులు చూస్తోంది, ఏది తెగితే ఎంతసేపో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పక్కర్లేకపోవడమే ఆమె ఖర్మ. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని "ఏం కాదురా, ఏం కాదు, చిన్న గాటు" అని అబద్ధం చెబుతూనే ఉంది. వాడి కాళ్ళు రెండుసార్లు నేలను తన్నాయి. అంబులెన్సు గేటు దగ్గరికి వచ్చేసరికి వాడి కళ్ళు పైకప్పుకేసి నిలిచిపోయాయి.

జగడం దేనికని అడిగితే ఏముంది? కొక్కెం పెళ్ళాం అలిగి పుట్టింటికి పోయింది. "గొలుసు వేసి లాక్కురమ్మంటావా?" అన్నాడు తమ్ముడు. వాడి నోరే అంత, ఎప్పుడూ దురద. కొక్కేనికి మండింది. ఇద్దరూ కట్టుబాటు ప్రకారం కత్తులు పడేశారు. కొక్కెం చాచి లెంపకాయ కొట్టాడు. చేతికి ఏముందో కొట్టినవాడికీ గుర్తు లేదు, చూసినవాళ్ళకూ గుర్తు లేదు. కట్టుబాటులో ఉన్నది కత్తుల మాటే. కొక్కేన్ని ఎవరూ ఆయుధమనుకోలేదు.

ఇంతకూ ఆ కట్టుబాటు తెచ్చింది ఎవరనుకున్నారు? అక్క మొగుడే.

అతన్ని షెడ్డులో పాస్టరు అంటారు. నిజం పాస్టరేమీ కాదు, వెక్కిరింపుకు పెట్టిన పేరు. లోపలికి వచ్చే గొర్రెకు మొదటి కత్తి వేసేది అతనే. దానికి ముందు పన్నెండేళ్ళు మనుషుల్ని కొట్టి బతికాడు. ఎవడో చూపించినవాడిని చితక్కొట్టి రావడమే ఉద్యోగం. ఇంటికొచ్చి చొక్కా విప్పితే దాని మీది రక్తం ఎవరిదని అక్క అడిగేది కాదు. అడిగిన రోజు ఆమె రక్తం కూడా దానికి తోడయ్యేది. ఒకసారి రెండేళ్ళు జైలుకు పోయి వచ్చాడు. వచ్చినవాడు వేరే మనిషి. టైర్ల దుకాణం మీద ఉన్న ప్రార్థన గదికి ఆదివారం పోయి వెనక వరసలో కూర్చుంటాడు. ఆమె మీద చెయ్యెత్తడం మానేశాడు. అక్కకు ఆ దేవుడి మీద నమ్మకమూ లేదు, కోపమూ లేదు. మొగుడి చెయ్యి దించిన దేవుడెవరైనా ఇంట్లో ఒక మూల ఉండొచ్చు అనుకుంది.

పోయిన నెలలో ఒకరోజు భోజనాల దగ్గర మేస్త్రి కదిలించాడు. మేస్త్రి పెద్దవాడు, షెడ్డంతా అతని మాట మీద నడుస్తుంది. "ఏమయ్యా పాస్టరూ, మంచిగా ఉండమని అందరు గురువులూ చెప్పారు. మా అమ్మ కూడా చెప్పింది. మరి మీ దేవుడు ఒక్కడే అని పట్టుకుని వేళ్ళాడతావేంటి?"

"అందరూ మంచే చెప్పారు, నేను కాదన్నానా?" అన్నాడు పాస్టరు. "నేను చదువుకున్నోణ్ణి కాదు. మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా కొట్టడం. కొట్టేవాడి వైపు నుంచి చెప్తున్నా, విను. దెబ్బలు తినేవాళ్ళని ఎంతమందిని చూశానో నాకే తెలీదు. కొందరు కాళ్ళు పట్టుకుంటారు. కొందరు నీ వంశం నాశనమైపోవాలంటారు. కొందరు పళ్ళు బిగించి ఊరుకుంటారు, వాళ్ళంటే మాకే భయం. కానీ నేను కొడుతుంటే నా గురించి ఆలోచించినవాడు ఒక్కడు లేడు. ఎట్లా ఉంటాడు? ప్రాణం పోతుంటే ఎవడైనా తన ప్రాణం సంగతే చూసుకుంటాడు. ఈయనకి మేకులు దిగగొడుతుంటే, కొడుతున్నవాడి మీద కోపం పెట్టుకోవద్దని పైవాడిని అడిగాడు. జైల్లో ఒకాయన చదువుతుంటే విన్నా. ఆ సుత్తి పట్టుకున్నది నేనే అనిపించింది. నా కోసం అడిగినవాడు దొరికాడనిపించింది. ఇట్లాంటివాడు ఇంకొకడుంటే చూపించు, రేపట్నుంచి ఆయన దగ్గరికే పోతా."

"బావా," అన్నాడు తమ్ముడు నోట్లో ముద్ద పెట్టుకుని, "చేతులు కదలట్లేదు కాబట్టి అడిగాడు. మేకులు ఊడదీసి చూడాల్సింది!"

అందరూ పగలబడి నవ్వారు. కొక్కెమైతే నవ్వి నవ్వి పొలమారి, అక్క చేతిలోని నీళ్ళ సీసా లాక్కుని తాగాడు. పెళ్ళాం పుట్టింటికి పోయినప్పటినుంచీ వాడు వారానికి మూడు రోజులు అక్క ఇంట్లోనే తింటున్నాడు.

పాస్టరు కూడా నవ్వాడు. "నవ్వాల్సిందే. శత్రువుని ప్రేమించమని నాబోటివాడు చెప్తే ఎవడైనా నవ్వుతాడు. మాట ఒక్కదాన్నీ ఆయన్నించి విడదీస్తే దాంట్లో ఏమీ లేదు. ఆయన చేసి చూపించాడు కాబట్టే అది మాట."

అదంతా భోజనాల దగ్గరి కబుర్లు. కడుపు నిండినవాళ్ళు ఏమైనా మాట్లాడుకోవచ్చు.

తమ్ముణ్ణి మట్టిలో పెట్టి ఇంటికి వచ్చిన సాయంత్రం అక్క ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. తల్లి పోయేటప్పటికి తమ్ముడికి మూడేళ్ళు, ఆమెకు పదమూడు. చంకనేసుకుని పెంచింది. వాడి మెడ మీద ఎక్కడ పుట్టుమచ్చ ఉందో ఆమెకు తెలుసు. కొక్కెం సరిగ్గా దాని పక్కనే దిగింది. పాస్టరు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. ఆమె దాన్ని తీసి అతని మొహాన కొట్టింది. గ్లాసు నుదుటికి తగిలి పగిలింది.

"నువ్వు చంపావు," అంది.

అతను వంగి కింద పడిన గాజు పెంకులు ఏరసాగాడు.

"నీ మాట విని కత్తి పడేశాడు. చేతిలో కత్తి ఉంటే ఆ వెధవ దగ్గరికొచ్చేవాడా? ఉత్త చేతులతో నిలబెట్టావు నా తమ్ముణ్ణి. ఏడీ నీ దేవుడు? ఒక్కడే ఒక్కడే అంటావుగా? ఆ ఒక్కడూ ఆ పూట ఎక్కడికి పోయాడు?"

"నాకు తెలీదే," అన్నాడు పాస్టరు. నుదుటి మీద గాజు పెంకు గుచ్చుకునే ఉంది, తీసుకోలేదు.

"వాడు దొరికితే ఏం చేస్తావు? చెప్పు. నా తమ్ముడికి బావవేగా? ఏం చేస్తావు?"

అతను పెంకులు ఏరుతూనే ఉన్నాడు. ఆమె అతని కాళ్ళ దగ్గర ఉమ్మేసి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆమె కళ్ళు మూస్తే కొక్కెం మొహమే. వాణ్ణి ఎట్లా కోయాలో, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో, ఎంతసేపు బతికించాలో ఆలోచించింది. పని తెలిసిన మనిషి కదా, ఆలోచన చాలా వివరంగా సాగింది. దానికి ఆమె సిగ్గుపడలేదు సరికదా, ఆ రెండు రోజులూ ఆమెను బతికించింది అదే.

మూడో రోజు పదిన్నరకు మేస్త్రి మనిషి వచ్చి తలుపు కొట్టాడు. "అక్కా, రా. దొరికాడు."

కొక్కెం ఎక్కడికీ పోలేదు. పోలీసులు బస్టాండ్లు, వాడి అత్తగారి ఊరు వెతుకుతుంటే, వాడు కబేళాలోనే తోళ్ళ గదిలో ఉన్నాడు. ఉప్పు వేసి మనిషెత్తు పేర్చిన తోళ్ళ కింద రెండు రోజులు దూరి కూర్చున్నాడు. ఉప్పునీరు తాగి తాగి పెదాలు పగిలిపోయాయి, కళ్ళు వాచిపోయాయి. మోచేతుల మీద చర్మం ఊడి వస్తోంది. తోళ్ళు తిరగెయ్యడానికి పోయినవాళ్ళకు వాడి కాలు కనిపించింది. ఆ కాలు పట్టుకునే ఈడ్చుకొచ్చారు.

అక్క వచ్చేసరికి షెడ్డు ఆగిపోయింది. కమ్మీ మీద సగం వలిచిన కళేబరాలు వేళ్ళాడుతున్నాయి. వాటి కింద నలభై మంది గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో కొక్కెం. అప్పటికే వాడిని కొట్టారు. ఒకడు పక్కటెముకల మీద బూటు కాలితో తన్నాడు, ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఇంకొకడు కుడిచేతిని, ఆ చేతినే, నేల మీద పరిచి మడమతో తొక్కాడు. వేళ్ళు ఇష్టమొచ్చిన దిక్కులకు తిరిగిపోయాయి. వాడు అరవడానికి నోరు తెరిచాడు గానీ ఉప్పుకు గొంతు మూసుకుపోయి గాలి మాత్రమే వచ్చింది. ఒక పన్ను నేల మీది రక్తంలో తెల్లగా కనిపించింది. అక్క దాన్ని చూసింది. చాలదనుకుంది.

"పోలీసులకి ఇంకా చెప్పలేదు," అన్నాడు మేస్త్రి. "మన కట్టుబాటు పాటించిన మనవాణ్ణి చంపాడు. కత్తి పడేసినవాడే చస్తే ఇక ఈ షెడ్డులో ఎవడు కత్తి పడేస్తాడు? ముందు మీ ఇంటి లెక్క తేలాలి. తర్వాత వాడు గొర్రెల దొడ్లో జారి పడ్డాడని చెప్తాం. మేం నలభై మందిమీ ఒక్కటే మాట."

పాస్టరు అప్పటికే అక్కడున్నాడు. గుంపులో ముందు వరసలో, చేతులు రెండూ చంకల్లో దోపుకుని నిలబడ్డాడు. మేస్త్రి తన నడుముకున్న కత్తి తీసి పిడి అతని వైపు తిప్పి చాపాడు. "నీది మొదటి కత్తి. నీ బావమరిది. కానియ్యి."

అతను కత్తి తీసుకున్నాడు. గుంపులో చిన్న కదలిక. ఈ మనిషిని ఆమె ఎన్నాళ్ళ తర్వాతో ప్రేమించింది ఆ ఒక్క క్షణం. అతను నాలుగడుగులు వేసి తొట్టి దగ్గరికి పోయి కత్తిని నీళ్ళలో వదిలేశాడు. వెనక్కి వచ్చి కొక్కేనికీ జనానికీ మధ్య నిలబడ్డాడు.

ఎవరో ఛీ అన్నారు. ఎవరో నవ్వారు. "ఆడంగి!" అన్నాడు తోళ్ళ గదివాడు.

అక్క తొట్టి దగ్గరికి పోయింది. కాలుతున్న నీళ్ళలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కత్తి తీసింది. చెయ్యి ఎర్రగా ఉడికిపోయింది, ఆమెకు తెలియలేదు.

"జరుగు," అంది మొగుడితో.

"అక్కా," అన్నాడు కింద పడి ఉన్న కొక్కెం. వాడు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తాడు కదా. "చెయ్యి అనుకున్నానక్కా. ఉత్త చెయ్యే అనుకుని కొట్టాను. ఒట్టక్కా."

ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. తెలిసి ఏం చేసుకోవాలి? పగతో చంపి ఉంటే కనీసం తన తమ్ముడు ఒకడికి పగవాడయ్యేంత మనిషని అనుకునేది. మర్చిపోయి చంపాడట. మర్చిపోయి!

"జరుగు," అంది రెండోసారి.

పాస్టరు చంకల్లోంచి చేతులు తీసి చూపించాడు. చలిజ్వరం వచ్చినవాడిలా వణికిపోతున్నాయి. "చూడు. వాణ్ణి చూసినప్పటినుంచీ ఇదీ వరస. నీకన్నా ముందు నాకే చంపాలనుందే. ఎట్లా చంపాలో నీకన్నా నాకే బాగా తెలుసు. చంపితే తప్ప ఇవి ఆగవు."

"మరి చంపు!"

"చంపితే ఆయన కూడా అందరిలాంటివాడే అయిపోతాడు. ఈ ఏడేళ్ళూ నేను పట్టుకున్నది ఏమీ లేనట్టు అయిపోతుంది."

"అవనీ! ఏమీ లేకుండా పోనీ! నాకేం మిగిలిందని నీకు మిగలాలి?"

"జరగనే," అన్నాడతను. బతిమాలినట్టే అన్నాడు.

కొక్కెం అతని కాళ్ళ వెనక ముడుచుకున్నాడు. పక్కనుంచి వంగి వాడి వీపులో దించడానికి ఆమెకు చోటు ఉంది. నలభై మందీ చూశారు ఆ చోటును. ఆమె కూడా చూసింది. కానీ ఆ నిమిషంలో ఆమె కొక్కేన్ని మర్చిపోయింది. ఎదురుగా నిలబడి, తన తమ్ముడి చావు కంటే పెద్దది ఇంకేదో ఉందంటున్న ఈ మొహమే కనిపించింది. తమ్ముణ్ణి చంపినవాడి కంటే ఈ మనిషి మీదే ఆమెకు ఎక్కువ అసహ్యం వేసింది. కత్తి అతని కడుపులో ఎడమవైపు, బొడ్డుకు నాలుగు వేళ్ళ పైన దిగింది. పిడి దాకా దిగింది.

అతను "హమ్" అన్నాడు, బరువు ఎత్తుకున్నవాడిలా. వెంటనే ఆమె మణికట్టును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లాగకు," అన్నాడు. "లాగితే రక్తం ఆగదు. అట్లాగే ఉండనీ."

ఇద్దరూ అట్లాగే మోకాళ్ళ మీదికి దిగారు. పిడిని పట్టుకున్న ఆమె చెయ్యి, దాని మీద అతని చేతులు. వేడివేడి రక్తం ఆమె ఉడికిన చేతి మీదుగా కారుతుంటే ఆమె కేక పెట్టింది. మూడు రోజుల తర్వాత ఆమె నోటినుంచి వచ్చిన మొదటి ఏడుపు అదే. గుంపు చెల్లాచెదురైంది. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. మేస్త్రి తన చొక్కా చింపి కత్తి చుట్టూ అదిమాడు.

"కత్తి జారింది," అన్నాడు పాస్టరు గుంపు వైపు చూసి. "నేనే జారి పడ్డా. అందరూ చూశారు."

కొక్కెం ఈలోగా కాళ్ళకు బుద్ధి చెప్పాడు. విరిగిన పక్కటెముకలు పట్టుకుని, గొర్రెల దొడ్డి మీదుగా పాకి, వెనక గోడ దూకి పోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆసుపత్రిలో పాస్టరుకు జానెడు పేగు కోసేసి కుట్లు వేశారు. మర్నాటి మధ్యాహ్నానికి మాట వచ్చింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, కానిస్టేబులు కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. పాస్టరు అదే మాట చెప్పాడు. నేల తడిగా ఉంది, జారాను, కత్తి దిగింది.

"ఆరేడేళ్ళనుంచి కత్తి పట్టినవాడివి. కడుపులోకి పిడి దాకా జారిందా?"

"జారింది సార్."

"మీ ఆవిడ చెయ్యి ఎట్లా కాలింది?"

"మందు రాయించుకోమన్నా, వినదు."

ఇన్‌స్పెక్టరు అక్క వైపు చూశాడు. ఆమె గోడకేసి చూసింది. "డాక్టరుతో మాట్లాడి వస్తా," అని అతను లేచాడు. వెనకే కానిస్టేబులూ పోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు.

"నా పేగులు కడిగారంట," అన్నాడు పాస్టరు. "నీ అంత బాగా కడిగుండరు."

ఆమె నవ్వలేదు. "మీ దేవుడు అబద్ధాలాడేవాడా?"

"లేదు."

"మరి నువ్వెందుకు ఆడుతున్నావు?"

"నేను ఆయన్ని కాదుగా."

"నన్ను క్షమించానని చూపించుకోడానికా? నలభై మంది ముందు పెద్ద మనిషివి అవ్వడానికా? నాకక్కర్లేదు నీ క్షమాపణ. నా తమ్ముడి రక్తం మీద నిలబడి నువ్వు నాకు భిక్ష పెట్టొద్దు."

అతను కళ్ళు మూసుకున్నాడు. మూసుకునే మాట్లాడాడు.

"క్షమించలేదే. అది చెప్దామనే చూస్తున్నా. నువ్వు పొడిచినప్పుడు ఏమనుకున్నానో తెలుసా? ఆయన అడిగాడు కదా, నేనూ అడుగుతాను అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఆ టైమొస్తే నోటికి అదే వస్తుందనుకున్నా. రాలేదు. నిన్ను బూతులు తిట్టుకున్నా లోపల. నీ గొంతు పిసకాలనుకున్నా. నీ చెయ్యి పట్టుకుంది క్షమించి కాదు, చావంటే భయమేసి. కత్తి లాగితే చస్తానని పట్టుకున్నా. జారిందని చెప్పింది కూడా, నువ్వు జైలుకి పోతే నాకెవరున్నారని." ఊపిరి తీసుకున్నాడు. కుట్లు లాగినట్టున్నాయి, మొహం చిట్లించాడు. "కొట్టేవాడి వైపు నుంచి చూసి ఒక్కడే అన్నాను. ఇప్పుడు ఇటువైపు నుంచి కూడా చూశా. మనిషి వల్ల కాదే అది. నా వల్ల కాలేదు. అందుకే అంటున్నా, ఆయన ఒక్కడే."

అక్క అతన్ని చూసింది. ఏడేళ్ళలో మొదటిసారి ఈ మనిషి తనకంటే ఎత్తులో లేడనిపించింది. ఆమె మనసులో కరిగిందేమీ లేదు. తమ్ముడు మట్టిలోనే ఉన్నాడు, కొక్కెం మీద కసి గుండెలో ఉన్నచోటే ఉంది. కానీ ఈ మూడు రోజులూ ఎవరో ఆమె నెత్తిన పెట్టి మొయ్యమన్న బరువు, క్షమించాలన్న బరువు, మోయలేకపోయింది తనొక్కతే కాదని తెలిసింది. తెలిసి ఏడుపొచ్చింది. కాలిన చేతితోనే మొహం తుడుచుకుని, ఆ మంటకు "అబ్బా" అంది.

"మందు రాయించుకో," అన్నాడతను.

ఇన్‌స్పెక్టరు తిరిగి వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే ఆమె చెప్పేసింది. "నేనే పొడిచాను."

"ఏమే!" అన్నాడు పాస్టరు పక్క మీదినుంచి.

"నువ్వూరుకో." ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "జారలేదు. నేనే."

కొక్కెం దొరికి, దెబ్బలు తిని పారిపోయిన సంగతి షెడ్డులో ఎవడో అప్పటికే చెప్పేసినట్టున్నాడు. ఇన్‌స్పెక్టరు మంచివాడో, పని తగ్గించుకుందామనుకున్నాడో, ఆమెకు ఒక దారి వదిలాడు. "అంటే, ఆ కొక్కేన్ని పొడవబోతే ఈయన అడ్డం వచ్చాడు. పొరపాటున తగిలింది. అంతేగా?"

అంతే అంటే సరిపోయేది. షెడ్డులో నలభై మందీ తలూపేవాళ్ళు. ఇలాంటి మాటే కొక్కెం నోటినుంచి వచ్చినప్పుడు తనకు ఎట్లా వినిపించిందో ఆమెకు గుర్తొచ్చింది.

"కాదు. చూసే పొడిచాను. ఈయన్నే."

కానిస్టేబులు రాసుకోవడం మొదలుపెట్టాడు. పేరు, వయసు, పని అడిగాడు. చెప్పింది. ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగాడు. లేదని లేచి నిలబడింది. తలుపు దాకా పోయి ఆగింది.

"వాడు దొరికాడా?"

"రేపో మాపో దొరుకుతాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "విరిగిన ఎముకలతో ఎంత దూరం పోతాడు? మా చేతికి చిక్కనీ, మీ తమ్ముడి తరఫున మేం కూడా నాలుగు వడ్డిస్తాం."

"కొట్టకండి."

ఇన్‌స్పెక్టరు ఆమెను వింతగా చూశాడు. "మీ తమ్ముణ్ణి చంపినవాడేనమ్మా?"

"అవును. వాడే." ఆమె తలుపు రెక్క పట్టుకుంది. "పక్కటెముకలు విరిగాయి. కుడిచెయ్యి నుజ్జయిపోయింది. ఇంక కొట్టకండి."

కానిస్టేబులు తలూపి, అది కూడా కాగితం మీద పెట్టబోయాడు. అక్క గబగబా వెనక్కి వచ్చి, కాలిన చెయ్యి ఆ కాగితం మీద అడ్డం పెట్టింది.

"క్షమించానని రాయకండి," అంది. "కొట్టొద్దన్నాను. అంతే రాయండి."